ఐ.సి.యు.లో రోజూ రక్తము ఎందుకు తీస్తారు?

కాలిఫోర్నియాలో స్థిరపడిన మన ఫిజీ తెలుగు కుటుంబములలో ఈ మధ్య తరచుగా వినబడే ఒక ప్రశ్నను గురించి ఈ సంచికలో వ్రాయదలచినాము. ఇంటి పెద్ద ఆసుపత్రిలో, ఐ.సి.యు. అనే గదిలో పడుకొని ఉంటారు. తెల్లవారుజామునే నర్సు వచ్చి రక్తము తీసికొని పోతుంది. కొన్ని గంటలకు అంకెలు వస్తవి. ఆ అంకెలను హేవర్డ్ నుండి లౌటోకాకు, లౌటోకా నుండి సిడ్నీకి ఫోనులో చెప్పుకొంటారు. "నిన్న నూట ఎనభై, నేడు రెండు వందల పది" అనగానే అవతలివారు ఏడుపు మొదలుపెడతారు. ఆ అంకె దేనిదో, ఎందుకు పెరిగిందో ఇటువారికీ తెలియదు, అటువారికీ తెలియదు.

మేము వైద్యులము కాము. బడిలో పిల్లలకు లెక్కలు, సామాన్య శాస్త్రము చెప్పుకొనేవారము. సంఘమువారి సాయంకాలపు తరగతులలో మేము నేర్చుకొన్న తెలుగులో ఈ మాటలేవీ లేవు. ఇంట్లో మాట్లాడే ఫిజీ హిందీలోనూ లేవు. అయినా మన ఆడపిల్లలలో నర్సులుగా పని చేసేవారు చాలామంది ఉన్నారు. వారిని అడిగి, పుస్తకములు చదివి తెలుసుకొన్నది మన చదువరుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా సెప్సిస్ అనే మాట. ఒంట్లో ఎక్కడో సూక్ష్మజీవులు చేరి చీము పట్టడమో, ఊపిరితిత్తులలో న్యుమోనియా రావడమో జరుగుతుంది. దానిని ఎదిరించడానికి శరీరము చేసే యుద్ధము అదుపు తప్పి, సొంత మూత్రపిండములను, గుండెను, ఊపిరితిత్తులనే దెబ్బ తీస్తుంది. అదే సెప్సిస్. మన పెద్దలు "రక్తములో విషము ఎక్కింది" అనేవారు. అమెరికాలో ఏడాదికి కనీసము 17 లక్షల మంది పెద్దవారికి ఇది వస్తుందనీ, వారిలో కనీసము మూడున్నర లక్షల మంది ఆ ఆసుపత్రి బస లోనే చనిపోవడమో, చివరి దశ సేవకు పంపబడడమో జరుగుతుందనీ అక్కడి ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రము, సి.డి.సి., చెబుతున్నది.

దీనికి మందు యాంటిబయాటిక్. అది ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలు. రక్తములోని అంకెలు ఈ రెండింటికీ ఒకే విధముగా పనికిరావు. మన కుటుంబములలో కలిగే తికమక అంతా ఇక్కడే ఉన్నది.

నిప్పు లేనిదే పొగ రాదు అంటారు. అయితే చెరకు ప్రాంతములో పుట్టినవారికి ఇంకొక సంగతి కూడా తెలుసు. దూరాన పొగ లేచినంత మాత్రాన ఏమి కాలుతున్నదో తెలియదు. కోతకు ముందు పెట్టిన మంట కావచ్చు, పొరుగువాని ఇల్లు కావచ్చు. రక్తములో కనబడే గుర్తులు ఈ పొగ వంటివి.

అందులో అందరూ వినేది సి.ఆర్.పి. దీనిని 1930లో న్యూయార్కు నగరములోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఆసుపత్రిలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు వైద్యులు కనుగొన్నారు. అప్పటికి పెన్సిలిన్ వాడుకలోకి రాలేదు. న్యుమోనియా వచ్చినవాడు బ్రతుకుతాడో లేదో రోజులు లెక్కపెట్టి చూడవలసిందే. ఆ వైద్యులు న్యుమోనియా క్రిముల నుండి తీసిన ఒక పదార్థమును రోగుల రక్తపు నీటిలో కలిపి చూసినారు. దానికి సి అనే అక్షరము పేరుగా పెట్టుకొన్నారు. జబ్బు తీవ్రముగా ఉన్నప్పుడు ఆ నీటిలో తెల్లని మడ్డి ఏర్పడింది. రోగి కోలుకొన్న తరువాత అదే మనిషి రక్తముతో చేస్తే మడ్డి రాలేదు. ఆ సి పదార్థముతో కలిసేది రక్తములోని ఒక ప్రోటీన్ అని 1941లో అదే సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ, థియొడోర్ అబర్నెతీ తేల్చినారు. సి.ఆర్.పి. అనే పేరు అలా వచ్చింది.

ఇందులో మాకు గొప్పగా తోచినది ఒకటున్నది. జబ్బుతో పాటు వచ్చి, జబ్బుతో పాటు పోవడము అనే గుణము మొదటి రోజునే కనబడింది. ఈ పరీక్ష పుట్టుకలోనే అది చెప్పగలిగినదేమిటో ఉన్నది. "ఎంత ఉన్నది" అనేదాని కంటె "పోతున్నదా, లేదా" అనేది ముఖ్యము.

సి.ఆర్.పి.ని తయారు చేసేది కాలేయము. ఎక్కడ వాపు గాని, గాయము గాని, క్రిమి గాని ఉన్నా ఆ కబురు కాలేయమునకు చేరుతుంది. ఆరు గంటలలో రక్తములో పెరగడము మొదలవుతుంది; దాదాపు రెండు రోజులకు శిఖరమునకు చేరుతుంది. కారణము తొలగిపోతే రక్తములో ఉన్నది సుమారు 19 గంటలకు సగము చొప్పున తరిగిపోతుంది. ఈ లెక్క తెలిస్తే చాలా భయములు తీరుతవి. ఉదాహరణకు, సోమవారము పొట్ట మీద పెద్ద ఆపరేషను జరిగిందనుకొందాము. మంగళ, బుధవారములలో సి.ఆర్.పి. పెరిగే తీరుతుంది, ఒక్క క్రిమి లేకపోయినా సరే. కత్తి పడినందుకే అది పెరుగుతుంది. గురువారము, శుక్రవారము దిగవలసినది దిగక మళ్ళీ పైకి ఎక్కితే, అప్పుడు వైద్యుడు లోపల ఎక్కడైనా చీము పట్టిందా అని వెదకుతాడు.

ఇంకొక చిక్కు ఉన్నది, లెక్కల పంతుళ్ళకు నవ్వు వచ్చే చిక్కు. ఫిజీ, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో సి.ఆర్.పి.ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాస్తారు. అమెరికాలో చాలా ఆసుపత్రులు డెసిలీటరుకు, అనగా లీటరులో పదవ వంతుకు, లెక్క కడతవి. అక్కడ 20 అన్నది ఇక్కడ 200. మా బంధువర్గములో ఒక పెద్దాయనకు కాలిఫోర్నియాలో జబ్బు చేసినప్పుడు, "ఇరవైయే కదా, మా నాయనకు బాలో ఎనభై ఉన్నప్పుడే ఇంటికి పంపినారు" అని ఫోనులో ఒకరు ధైర్యము చెప్పడము మేము విన్నాము. ప్రక్కన వ్రాసిన కొలతను చదవకుండా అంకెను మాత్రము చదవరాదు.

తెల్ల కణముల లెక్క ఇంకా పాతది. పెద్దవారిలో ఒక మైక్రోలీటరు రక్తమునకు సుమారు 4,500 నుండి 11,000 వరకు ఉంటవి. క్రిములతో పోరు వచ్చినప్పుడు పెరుగుతవి. పోరు ముదిరితే ఎముకల మూలుగ ఇంకా ముదరని లేత కణములను కూడా రక్తములోకి పంపుతుంది. ఇంట్లో మగవాళ్ళందరూ చెరకు కోతకు పోయి చాలక బడి పిల్లలను కూడా పిలిచినట్లు. లేత కణములు పది శాతమును మించితే వైద్యుడు దానిని తేలికగా తీసికొనడు. అయితే స్టెరాయిడ్ మందు వాడినా తెల్ల కణములు పెరుగుతవి. బాగా వృద్ధులలోను, సెప్సిస్ మరీ ముదిరినప్పుడు, పెరుగుటకు బదులు తరిగిపోవచ్చును కూడా.

మూడవది ల్యాక్టేట్. ఇది క్రిముల గుర్తు కాదు, శరీరము పడే అవస్థకు గుర్తు. ఎండలో వేగముగా చెరకు నరికే మనిషి కండరములలో ఇదే పుడుతుంది. నీడన కూర్చుంటే తగ్గిపోతుంది. పడుకొని ఉన్న రోగి రక్తములో అది 2 మిల్లీమోల్‌లను దాటి పెరుగుతున్నదంటే, అవయవములకు రక్తము చాలడము లేదనో, కాలేయము దానిని శుభ్రము చేయలేకపోతున్నదనో అనుమానించాలి. 4 దాటితే ప్రమాదము. దీనిని కొన్ని గంటలకొకసారి చూస్తారు, రోజుకొకసారి కాదు.

ఇక కొత్తగా వచ్చినది ప్రోకాల్సిటోనిన్. ఆరోగ్యముగా ఉన్నప్పుడు ఇది మెడలోని థైరాయిడ్ గ్రంథిలో పుట్టి అక్కడే వేరొక హార్మోనుగా మారిపోతుంది. రక్తములో దాదాపు ఉండదు. బాక్టీరియా జబ్బు తీవ్రమైనప్పుడు శరీరమంతటా ఉన్న కణములు దీనిని తయారు చేయడము మొదలుపెడతవి. ఈ సంగతిని 1993లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ప్రకటించినారు. సి.ఆర్.పి. కంటె ఇది ముందు లేస్తుంది, కొద్ది గంటలలోనే. తగ్గేటప్పుడు రోజుకు సుమారు సగము చొప్పున తగ్గుతుంది. వైరసు జబ్బులలో సాధారణముగా అంతగా పెరగదు. అందువలన మొదట్లో దీని మీద చాలా ఆశలు పెట్టుకొన్నారు. క్రిమియా, వైరసా అని ఒక చుక్క రక్తముతో తేలిపోతుందనుకొన్నారు. అంత సులభము కాలేదు. పెద్ద ఆపరేషను, కాలిన గాయములు, పాడైన మూత్రపిండములు, ఇవి కూడా దీనిని పెంచగలవు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. మందు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇక్కడ న్యూయార్కులో జరిగిన ఒక విషాదమును చెప్పక తప్పదు.

2012 మార్చి నెలాఖరున రోరీ స్టాంటన్ అనే పన్నెండేళ్ళ బాలుడు బడి వ్యాయామశాలలో ఆడుకొంటూ పడి చేయి గీరుకొన్నాడు. మరునాటికి జ్వరము, వాంతులు, కాలు నొప్పి. పిల్లల వైద్యుని వద్దకు, ఆ తరువాత ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగమునకు తీసికొని పోయినారు. కడుపులో జబ్బు అనుకొని సెలైను ఎక్కించి, వాంతులకు మందిచ్చి ఇంటికి పంపినారు. తీసిన రక్తము ఫలితము వచ్చింది, కాని పిల్లవాడు వెళ్ళిపోయిన తరువాత. అందులో తెల్ల కణములు, లేత కణములు ఎంతో పెరిగి ఉన్నవి. ఆ కబురు ఇంటికి చేరలేదు. గీరుకొన్న చోట నుండి ప్రవేశించిన స్ట్రెప్టోకోకస్ క్రిమి ఒళ్ళంతా పాకింది. ఏప్రిల్ 1వ తేదీన బాలుడు మరణించినాడు.

రక్తము తన మాట చెప్పింది. వినవలసినవారు ఆ సమయానికి అక్కడ లేరు. ఇన్ని పరీక్షలను గురించి చదివిన తరువాత మాకు ఎక్కువగా బాధ కలిగించినది ఇదే.

ఆ తల్లిదండ్రులు ఊరుకొనలేదు. 2013లో న్యూయార్కు రాష్ట్రము రోరీ పేరున నియమములు తెచ్చింది. సెప్సిస్ అనుమానము వస్తే ప్రతి ఆసుపత్రి మూడు గంటలలోగా ల్యాక్టేట్ చూడాలి, కల్చరు పరీక్షకు రక్తము తీయాలి, యాంటిబయాటిక్ ఇవ్వాలి. పిల్లలను ఇంటికి పంపే ముందు ముఖ్యమైన పరీక్షల ఫలితములను వైద్యుడు చూసి తల్లిదండ్రులకు చెప్పాలి. తరువాత ఆ రాష్ట్రములోని 149 ఆసుపత్రులలో 49,331 మంది రోగుల వివరములను పరిశీలించి 2017లో ప్రకటించినారు. ఈ పనులు పూర్తి కావడము ఒక్కొక్క గంట ఆలస్యమయిన కొద్దీ మరణించే అవకాశము కొంచెము కొంచెముగా పెరుగుతూ వచ్చింది.

కనుక మందు మొదలుపెట్టడానికి ప్రోకాల్సిటోనిన్ అంకె కోసము కాచుకొని కూర్చోరాదు. ప్రపంచములోని ఐ.సి.యు. వైద్యుల సంఘములు కలిసి 2021లో వెలువరించిన సూచనలలో ఈ మాటే ఉన్నది. మొదలుపెట్టుటకు ఆ అంకెను ఆధారము చేసికొనవద్దు, రోగిని చూసి నిర్ణయించండి అన్నారు. మన ఇళ్ళలో మధుమేహము లేని ఇల్లు అరుదు. మధుమేహము ఉన్న ముసలివారికి ఒళ్ళు కాలకుండానే సెప్సిస్ రావచ్చును. అకస్మాత్తుగా మాట తడబడడము, మనుషులను గుర్తు పట్టకపోవడము, ఊపిరి వేగము కావడము, మూత్రము తగ్గడము, ఇవి ఏ ప్రయోగశాలా లేకుండా ఇంటివారికే ముందుగా కనబడే గుర్తులు. "నిన్నటి దాకా ఇలా లేరు" అనే ఒక్క మాట నర్సుకు ఎంతో విలువైనది. ఆమె ఆ మనిషిని నిన్న చూడలేదు కదా.

రెండవ ప్రశ్న, మందు ఎప్పుడు ఆపాలి? ఇక్కడ అంకెలు నిజముగా పనికి వస్తవి. బలమైన యాంటిబయాటిక్‌లను అవసరము తీరిన తరువాత కూడా కొనసాగిస్తే పేగులలోని మంచి క్రిములు చచ్చి తీవ్రమైన విరేచనములు పట్టుకొంటవి. కొన్ని మందులు మూత్రపిండములకు చేటు చేస్తవి. మందుకు లొంగని క్రిములు పెరుగుతవి. పూర్వము పది రోజులు, పద్నాలుగు రోజులు అని అలవాటుగా ఇచ్చేవారు. నెదర్లాండ్స్‌లో 1,575 మంది ఐ.సి.యు. రోగులతో చేసి 2016లో ప్రకటించిన పరిశోధనలో, ప్రోకాల్సిటోనిన్ శిఖరము నుండి 80 శాతము దిగితే గాని, 0.5 లేక అంతకు తక్కువకు వస్తే గాని మందు ఆపమని వైద్యులకు సలహా ఇచ్చినారు. శిఖరము 20 అయితే 4కు దిగినప్పుడన్నమాట. మందు వాడిన రోజులు ఏడు నుండి అయిదుకు తగ్గినవి. మరణములు పెరగలేదు సరికదా, 25 శాతము ఉండవలసినచోట 20 శాతమే ఉన్నవి.

అమెరికాలో ఆహార, ఔషధ శాఖ 2017లో ఈ పరీక్షను యాంటిబయాటిక్ విషయములో వాడుకొనుటకు అనుమతించింది. మరుసటి ఏడాదే అక్కడి 14 ఆసుపత్రులలో 1,656 మందితో చేసిన పరీక్ష ఫలితము వచ్చింది. వీరు ఐ.సి.యు. వారు కారు, దగ్గు, ఆయాసముతో అత్యవసర విభాగమునకు వచ్చినవారు. ప్రోకాల్సిటోనిన్ చూపించినా, చూపించకపోయినా, మందు వాడిన రోజులలో తేడా రాలేదు. కొందరు దీనిని పట్టుకొని పరీక్షే దండుగ అన్నారు. ఆ మాట తొందరపాటని మా అభిప్రాయము. అది ముఖ్యముగా మొదలుపెట్టే ప్రశ్న. నెదర్లాండ్స్ వారిది ఆపే ప్రశ్న.

2024 డిసెంబరులో ఇంగ్లండు దిక్కు నుండి ఇంకొక మంచి సాక్ష్యము వచ్చింది. బ్రిటను దేశములోని 41 ఐ.సి.యు.లలో 2,760 మంది సెప్సిస్ రోగులను మూడు జట్లుగా విభజించినారు. ఒక జట్టుకు రోజూ ప్రోకాల్సిటోనిన్, ఇంకొక జట్టుకు రోజూ సి.ఆర్.పి., మూడవ జట్టుకు మామూలు పద్ధతి. అంకెలను చికిత్స చేసే వైద్యులకు చూపించలేదు. వాటిని బట్టి తయారయిన సలహా మాత్రము రోజూ అందజేసినారు. ప్రోకాల్సిటోనిన్ జట్టులో మందు 9.8 రోజులు, మామూలు జట్టులో 10.7 రోజులు. సి.ఆర్.పి. జట్టులో 10.6, అనగా లాభము లేదు. తేడా ఒక్క రోజే అని తీసివేయనక్కరలేదు. దేశమంతటా ఒక్కొక్క రోగికి ఒక రోజు మందు తగ్గడము చిన్న విషయము కాదు.

సి.ఆర్.పి. మనలను మోసగించే సందర్భములు కూడా ఉన్నవి. కాలేయము బాగా చెడినవారిలో అది పెరగవలసినంత పెరగదు. తయారు చేసే కార్ఖానాయే చెడింది కదా. కోవిడ్ కాలములో తీవ్రమైన రోగులకు టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చినారు. కాలేయమునకు చేరే కబురును ఆ మందు అడ్డుకొంటుంది. దానితో సి.ఆర్.పి. చకచకా దిగిపోయేది. తరువాత కొత్త క్రిమి చేరినా అంకె లేవదు. అంకె దిగిందని ఇంటివారు సంతోషించే వేళ, వైద్యుడు మరింత జాగ్రత్తగా కనిపెట్టి ఉండేవాడు.

రక్తములోని పదార్థములను కొలిచే విద్యలో మన తెలుగువాని చేయి ఉన్నదని ఈ సందర్భములో చెప్పుకొనవచ్చును. భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరినారు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తములోని భాస్వరమును రంగు మార్పు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించినారు. ప్రయోగశాలలలో అది ఆ ఇద్దరి పేర్లతోనే ఎన్నో దశాబ్దములు నడిచింది. తరువాత లెడర్లే సంస్థలో ఆయన పరిశోధనల అధిపతిగా ఉండగా బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్‌ను కనుగొన్నారు. అది 1948లో లోకమునకు తెలిసింది. సుబ్బారావుగారు ఆ ఏడాదే కన్నుమూసినారు.

చివరగా మన దేశమునకు సంబంధించిన ఒక జబ్బు. వరదల తరువాత ఫిజీలో లెప్టోస్పిరోసిస్ వస్తుంది. 2012 వరదల తరువాత చాలామందికి వచ్చింది. ఎలుకలు, పశువుల మూత్రము కలిసిన నీటిలో నడిచినప్పుడు కాలి పగుళ్ళ గుండా క్రిమి ప్రవేశిస్తుంది. జ్వరము సాధారణముగా 5 నుండి 14 రోజులకు మొదలవుతుంది; కొందరికి నెల దాకా పట్టవచ్చును. ఆ లోపల మనిషి విమానమెక్కి శాక్రమెంటో చేరిపోతాడు. అక్కడ ఐ.సి.యు.లో పడితే సి.ఆర్.పి., ప్రోకాల్సిటోనిన్ పెరిగి కనబడవచ్చును, కాని ఏ క్రిమియో అవి చెప్పవు. మామూలు కల్చరులోను ఈ క్రిమి సాధారణముగా దొరకదు. "పది రోజుల క్రితము చెరకు మడిలో మోకాటి లోతు నీళ్ళలో నడిచినారు" అని ఇంటివారు చెబితేనే అమెరికా వైద్యునికి దాని ఆలోచన వస్తుంది, దానికి తగిన పరీక్ష వ్రాస్తాడు. తేలికగా ఉన్నప్పుడు డాక్సిసైక్లిన్ ఇస్తారు. అది ఆరియోమైసిన్ కుటుంబములోనిదే. ముదిరినవారికి పెన్సిలిన్ గాని, సెఫ్‌ట్రయాక్సోన్ గాని నరములోకి ఎక్కిస్తారు, ఫలితము కోసము ఆగకుండానే.